కళ్ళు పనిచేయని నీళ్ళకి సామాను: విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నా ఆరు నెలలు

2025 జనవరి 11, శనివారం, భోగికి రెండు రోజుల ముందు. పొద్దున్నే మా బావ ఫోను. "ఒరే, ప్రొపెల్లర్‌కి తాడు సుట్టేసింది. రుషికొండలో టూరిస్టులకి సేపల్ని సూపిస్తావు గదా, ఓపాలి మన బోటు కిందకి దిగి సూడు" అన్నాడు. బావకి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు ఉంది. పండగ వెళ్ళగానే వేటకి పోవాలి. బోటుని గట్టెక్కించి తాడు తీయించాలంటే వంతు దొరకడానికే వారం పడుతుంది, ఖర్చు సరేసరి. నేను దిగితే గంట పని. ఇద్దరమూ అలాగే అనుకున్నాం.

నేను వృత్తి డైవర్‌ని కాను. వారమంతా ఆఫీసులో లెక్కలు చూసుకునే మనిషిని. 2019లో స్కూబా డైవింగ్ నేర్చుకుని అడ్వాన్స్‌డ్ కార్డు తీసుకున్నాను. శని, ఆదివారాలు రుషికొండ దగ్గర టూరిస్టుల్ని నీళ్ళలోకి దించేవాళ్ళకి సాయం వెళ్తుంటాను. అప్పటికి 140 డైవులు అయ్యాయి. సొంత మాస్కు, ఫిన్సు, 3 మిల్లీమీటర్ల వెట్‌సూటు, గాలి నింపుకునే జాకెట్టు, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ అన్నీ ఉన్నాయి. సామాను ఉంది, కార్డు ఉంది, ఇంకేం కావాలి అనే ధీమా.

హార్బర్ నీళ్ళు పైన డీజిల్ తెట్టు, దాని కింద చింతపండు పులుసు రంగు. తల ముంచి చెయ్యి చాపితే మోచేయి కనిపించింది, అరచెయ్యి కనిపించలేదు. బోటు కిందకి వెళ్ళాక ఆ మోచేయి కూడా పోయింది. అక్కడ జెట్టీకి ఒక బోటు కట్టి, దానికి ఇంకోటి, దానికి ఇంకోటి, అలా నాలుగైదు వరసగా కట్టేస్తారు. మాది మూడోది. అంటే గాభరా పడి నేరుగా పైకి లేస్తే తల తగిలేది గాలికి కాదు, ఎవరిదో ఒకరి బోటు అడుగుకి. ఇది నీళ్ళలోకి దిగాక గానీ నాకు తట్టలేదు.

ప్రొపెల్లర్‌ని చేత్తో తడుముకుంటూ వెళ్ళి పట్టుకున్నాను. కత్తి నా కుడి పిక్కకి కట్టి ఉంది. దాని కోసం మోకాలు మడిచేసరికి పక్కనుంచి వేలాడుతున్న గేజు, అదే సిలిండర్లో గాలి ఎంతుందో చూపేది, దేంట్లోనో చిక్కుకుంది. దాన్ని విడిపిద్దామని తిరిగితే కత్తి ఒర కూడా వల ముక్కలో ఇరుక్కుంది. సరిగ్గా అప్పుడు ఎక్కడో ఇంజన్ స్టార్టయింది. నీళ్ళలో శబ్దం ఎటునుంచి వస్తోందో చెవికి అందదు. అన్ని వైపుల నుంచీ, మన పుర్రెలోంచి కూడా వస్తున్నట్టే ఉంటుంది. అది మా బోటో, పక్క బోటో, జెట్టీ అవతలి బోటో తెలీదు. ప్రొపెల్లర్ రెక్క నా చేతిలో ఉంది. అది కదలలేదు కాబట్టి మాది కాదనుకున్నాను. ఆ రెండు మూడు సెకన్లు ఇప్పటికీ అప్పుడప్పుడు నిద్రలోకి వస్తాయి.

12 నిమిషాలకి బయటపడ్డాను. ఒక్క పోగు కూడా కొయ్యలేదు. నోట్లో డీజిల్ రుచి రెండు రోజులు పోలేదు. పండక్కి అమ్మ చేసిన అరిసెలు కూడా డీజిల్ వాసనే కొట్టాయి. బావ బోటు చివరికి గట్టెక్కింది, 9 వేలు అయింది. బావ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

రుషికొండలో ఒకాయన మాటల్లో చెప్పగా, నేవీలో డైవర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు గోపాలపట్నంలో ఉన్నారని తెలిసింది. కొచ్చిలో నేవీ డైవింగ్ స్కూల్లో నేర్చుకున్న మనిషి. సర్వీసంతా ఓడల అడుగునే గడిపారట. జనవరి 19 ఆదివారం, సామాను మొత్తం సంచిలో వేసుకుని వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. మధ్యలో ఆపలేదు. చెప్పడం అయ్యాక ఒకటే అడిగారు.

"ఇంజన్ తాళం ఎవరి దగ్గరుంది?"

"తెలీదండి. బోటు నడిపే సరంగు దగ్గరే అయ్యుంటుంది. ఆయన టీకి వెళ్ళాడు."

పెద్దాయన ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి టీ తెచ్చారు. తాగాక సామానంతా వేసుకోమన్నారు. పెరట్లో, జామచెట్టు కింద, ఎండలో సిలిండర్‌తో సహా అంతా తగిలించుకుని నిలబడ్డాను. ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి నవ్వారు. "సంక్రాంతి అయిపోయింది కదయ్యా, ఇంకా గంగిరెద్దు వేషం ఎందుకు?" అన్నారు.

తర్వాత ఒక తువ్వాలు తెచ్చి నా కళ్ళకి గట్టిగా కట్టారు. చేతికి తోట పని గ్లవ్స్ తొడిగించారు. కత్తి తియ్యి, పెట్టు. రెండో రెగ్యులేటర్ ఎక్కడుంది, నోట్లో పెట్టుకో. బరువుల బెల్టు వదిలెయ్యి. ఇప్పుడు ఎడం చేత్తో. నేను తడుముకుంటూ ఉంటే వెనక చీపురు పుల్లతో దేన్నో ఒకదాన్ని తగిలించి లాగేవారు. గేజు గొట్టం, విజిల్ తాడు, టార్చి తాడు, రెండో రెగ్యులేటర్ గొట్టం, ఫిన్ పట్టీ చివర, జాకెట్టు జేబు మీది ఇనప రింగు, కత్తి ఒర. మొత్తం ఏడు చోట్ల పట్టుకుంది. "వల నాకంటే ఓపిక గలది, ఏడు దగ్గర ఆగదు" అన్నారు. కత్తి నాకు అసలు దొరకలేదు. దొరికిందనుకుని పట్టుకున్నది బెల్టు కొస.

సామాను ఎంపిక గురించి నాకు తెలిసిందంతా ఆ గంటలోనే తెలిసింది. ఆ తర్వాత ఏ వస్తువు కొనబోయినా ముందు కళ్ళు మూసుకుని, గ్లవ్స్‌తో చూసుకునేవాణ్ణి. షాపుల్లో, ఆన్‌లైన్‌లో చెప్పే గుణాలన్నీ కళ్ళున్న నీళ్ళకి.

ముందు జాకెట్టు పోయింది. దాని జేబులు, రింగులు, పక్కల ఉబ్బే గాలి సంచీ ఇరుకులో అన్నీ అడ్డమే. వీపుకి ఒక ఉక్కు ప్లేటు, దానికి ఒకే ముక్కగా నైలాన్ పట్టీ, వెనకాల మాత్రమే ఉబ్బే గాలి సంచి, ఇదీ పెద్దాయన చెప్పిన పద్ధతి. ఆ ప్లేటు ఆన్‌లైన్‌లో 11 వేలు ఉంది. కాగితం మీద కొలతలు గీయించుకుని గాజువాక ఆటోనగర్‌లో 3 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రేకు కోయించి వంచించాను. 1,800 రూపాయలు. అంచులు బ్లేడుల్లా ఉంటే ఇంట్లో కూర్చుని రెండు సాయంత్రాలు ఆకురాయితో రుద్దాను. బ్యాగులు కుట్టే షాపులో రెండంగుళాల పట్టీ 650. గాలి సంచి మాత్రం గోవా నుంచి తెప్పించాను, 14,500, రావడానికి 9 రోజులు. ప్లేటు బరువే 2.6 కిలోలు కాబట్టి నడుం బెల్టులో అంత సీసం తగ్గింది.

కత్తి విషయంలో మాత్రం ఒళ్ళు మండింది. తుప్పు పట్టదని 4,500 పెట్టి టైటానియం కత్తి కొనుక్కున్నాను 2021లో. పెద్దాయన అది చూసి పక్కన పెట్టి, "పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి బ్రెడ్డు కోసే కత్తి కొనుక్కో, పళ్ళున్నది" అన్నారు. 180 రూపాయలు. లావు తాడుని పళ్ళ కత్తి కోసినట్టు ఇంకేదీ కొయ్యదు. నున్నటి కత్తి జారిపోతుంది. సన్నటి నైలాన్ దారపు తంగూసు వలకి మాత్రం కత్తెర కావాలి, అంబులెన్సుల్లో బట్టలు కత్తిరించే రకం, 350. రెండేసి కొన్నాను. ఒకటి ఛాతీ మీద ఎడమ పట్టీకి, ఒకటి బెల్టుకి, ఏ చేత్తోనైనా అందేలా. పిక్కకి ఏమీ కట్టకూడదు.

గ్లవ్స్ కూడా అంతే. 5 మిల్లీమీటర్ల డైవింగ్ గ్లవ్స్ 2,400 పెట్టి కొన్నవి ఉన్నాయి. వాటితో ముడి తాకితే తెలియదు. కట్టడం పనివాళ్ళు వాడే అల్లిక గ్లవ్స్, అరచేతికి నైట్రైల్ పూత ఉన్నవి, జత 85. మొదట రబ్బరు పూతవి తెచ్చాను గానీ డీజిల్‌కి ఒక్క డైవులో జిగురైపోయాయి. బోటు అడుగున కరుచుకుని ఉండే గుల్లలు గాజు పెంకుల్లా కోస్తాయి. నైట్రైల్ గ్లవ్స్ కూడా రెండు మూడు డైవులకి చిరుగుతాయి, కానీ చిరిగేది అవే కదా.

ఫిబ్రవరి 8, శనివారం, రెండో డైవు. ఈసారి బావ తాడు పట్టాడు. నా పట్టీకి కట్టిన తాడు రెండో కొస ఆయన చేతిలో. ఒక లాగు అంటే బాగున్నాను. రెండు అంటే తాడు వదులు. మూడు అంటే పనిముట్ల బకెట్టు దించు. నాలుగు అంటే లాగెయ్యి. తాడు పట్టిన మనిషికి వేరే పని ఉండకూడదు, ఫోను కూడా. ఇంజన్ తాళం బావ మెడలో. బ్యాటరీ వైరు ఊడదీసి ఉంది. అటూ ఇటూ ఉన్న బోట్ల సరంగులకి కూడా చెప్పాం.

పని ప్రొపెల్లర్ కాదు, అడుగున నీళ్ళు పీల్చుకునే కన్నం మూసుకుపోయింది, తెరవాలి. పావుగంట బాగానే సాగింది. అప్పుడు రెండో రెగ్యులేటర్, అదే సాయానికి పెట్టుకునేది, పక్కనుంచి జారి బురదలో పడింది. లేపేసరికి గాలి కక్కడం మొదలెట్టింది. లోపలి కవాటంలో ఇసుక రేణువు ఇరుక్కుందన్నమాట. తిప్పాను, కొట్టాను, ఆగలేదు. గేజు కళ్ళద్దానికి ఆనించి చూస్తే 130లో ఉండాల్సిన ముల్లు 60కి దగ్గర్లో ఉంది. నాలుగు సార్లు లాగాను. బావ లాగిన లాగుకి భుజం మూడు రోజులు నొప్పెట్టింది గానీ బయట పడ్డాను.

ఆ రెగ్యులేటర్‌ని ఫిబ్రవరి 13న సర్వీసుకి చెన్నై కొరియర్ చేశాను. మార్చి 11న తిరిగొచ్చింది. 26 రోజులు, 4,800 రూపాయలు. విప్పిన ఫోటో పంపారు. సిలిండర్‌కి తగిలించే భాగంలో పిస్టన్ చుట్టూ కాఫీ డికాషన్ అడుగున మిగిలే మడ్డిలాంటిది పేరుకుని ఉంది. నాది పిస్టన్ రకం. లోతుని బట్టి గాలి ఒత్తిడి సరిచేసుకోవడానికి ఆ గదిలోకి బయటి నీళ్ళు నేరుగా వెళ్తాయి. రుషికొండలో ఉప్పునీళ్ళు వెళ్తే మంచినీళ్ళతో కడిగితే పోతుంది. హార్బర్‌లో వెళ్ళేది నూనె కలిసిన బురద. అది ఎండితే సిమెంటే.

ఈలోగా నాకూ సర్వీసు జరిగింది. ఫిబ్రవరి 11 రాత్రి కుడి చెవి. దిండు మీద ఆనించలేను, అన్నం నమల్లేను. చెవి డాక్టరు గారు లోపలికి చూసి, "ఏ చెరువులో ఈదారు?" అని అడిగారు. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది, పావుగంట చీవాట్లు. తొమ్మిది రోజులు చుక్కల మందు, రెండు వారాలు నీళ్ళలోకి దిగొద్దన్నారు, 1,150 రూపాయలు. కర్ణభేరికి చిల్లు లేదని చూసి, డైవు అయిన వెంటనే వెనిగరూ సర్జికల్ స్పిరిటూ సగం సగం కలిపిన చుక్కలు వేసుకోవచ్చన్నారు. అవి పెద్దాయన అంతకు ముందే చెప్పినవే, నేను వినలేదు. చిల్లు ఉంటే మాత్రం వెయ్యకూడదు, అది చూపించుకోకుండా ఎవరూ మొదలెట్టకండి. ఆ ఊపులోనే టీటీ, టైఫాయిడ్, హెపటైటిస్ ఏ మొదటి డోసు కూడా వేయించుకున్నాను, 3,600. సామాను చిట్టాలో ఇవి ఎవరూ రాయరు గానీ నా లెక్కలో ఇవి సామానే.

ఇంకో సంగతి కూడా ఆ ఖాళీ రోజుల్లోనే బయటపడింది. నా డైవింగ్ బీమా కాగితం తీసి మొదటిసారి చివరిదాకా చదివాను. సరదాకి చేసే డైవింగ్‌కే వర్తిస్తుందట. డబ్బు తీసుకుని పనిచేస్తే లేదు. పెద్దాయన కూడా అదే మాట వేరేగా అన్నారు. "నీ కార్డు చేపల్ని చూడ్డానికి. ఇక్కడ నీ కార్డు తాడు పట్టిన మనిషి." ఆయన పక్కన ఉండగా స్విమ్మింగ్ పూల్లో మాస్కు అద్దానికి నల్ల టేపు వేసుకుని నాలుగు ఆదివారాలు అన్నీ విప్పడం, తొడగడం చేశాను.

కొత్త రెగ్యులేటర్ దుబాయ్‌లో ఉండే మా పిన్ని కొడుకు తెచ్చాడు, మార్చి 20న. ఎపెక్స్ ఎక్స్‌టీఎక్స్ 50. లోపలికి నీళ్ళు పోకుండా మూసేసిన డయాఫ్రమ్ రకం. 2,050 దిర్హాంలు, అప్పటి లెక్కలో 48 వేల పైచిలుకు. ఇంత పెట్టాలా అని వారం రోజులు తర్జనభర్జన పడ్డాను. పాత దాన్ని ప్రతి రెండు డైవులకీ చెన్నై పంపితే ఎంతవుతుందో లెక్క వేశాక పెట్టేశాను. రెండో రెగ్యులేటర్‌కి ఇప్పుడు రబ్బరు తాడు కట్టి మెడలో హారంలా గడ్డం కిందే వేసుకుంటున్నాను. గేజుకి పొట్టి గొట్టం వేయించి ఎడమ ఛాతీకి బిగించాను. పక్కలకి ఏమీ వేలాడవు.

సిలిండర్లు మాత్రం అద్దెకే. బయటి దేశం నుంచి తెప్పించుకోవాలంటే పెసో, అంటే గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే కేంద్ర సంస్థ, అనుమతి కావాలి, అది మనలాంటి ఒక్క మనిషి పడే పాట్లు కావు. రుషికొండలో నింపిన అల్యూమినియం సిలిండర్, 11 లీటర్లది, అప్పుడు 500 రూపాయలు. మూడు మీటర్ల లోతులో, ఒళ్ళు వంచి కోస్తుంటే, గేజులో 50 బార్ల ఒత్తిడి మిగుల్చుకుని బయటికి రావడానికి నాకు ముప్పావు గంట వస్తుంది. సరదా డైవులో ఇదే లోతుకి గంటన్నర ఈజీగా వచ్చేది. నెత్తి మీద బోట్లున్న చోట ఒక్క సిలిండర్ మీద ఆధారపడొద్దని, చెన్నైలో ఒక ఇన్‌స్ట్రక్టర్ అమ్మకానికి పెట్టిన 3 లీటర్ల చిన్న సిలిండర్, దానికో పాత రెగ్యులేటర్ కలిపి 19 వేలకి తీసుకున్నాను. సిలిండర్ భుజం మీద అచ్చు కొట్టిన పరీక్ష తేదీ చదువుకుని, ఐదేళ్ళు దాటలేదని చూసుకున్నాకే డబ్బిచ్చాను. ఇప్పటిదాకా దాని అవసరం పడలేదు. పడకూడదనే ఆ 19 వేలు.

మార్చి 23 ఆదివారం, మూడో డైవు. మళ్ళీ బావ బోటే, మళ్ళీ ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న తాడే. వెట్‌సూటు మీద 950 పెట్టి కొన్న ఫ్యాక్టరీ పనివాళ్ళ నూలు డాంగ్రీ వేసుకున్నాను, జేబులన్నీ కుట్టేయించి. గుల్లలు కోసేది దాన్ని, 13 వేల సూటుని కాదు. కాళ్ళకి ఫిన్సు తీసేసి మందం అడుగున్న బూట్లు. బోటు కింద ఈత ఉండదు, పాకడమే. గాలి సంచిలో కొంచెం గాలి వేసుకుంటే బోటు అడుగుకి వెల్లకిలా అతుక్కుంటాం, కప్పుకి బల్లి అతుక్కున్నట్టు. రెండు చేతులూ ఖాళీ అవుతాయి. అద్దాలు మోసేవాళ్ళు వాడే రబ్బరు కప్పు పిడి 650 పెట్టి కొన్నాను పట్టుకోవడానికి. గుల్లలున్న చెక్క మీద అది ఒక్క క్షణం కూడా అంటలేదు.

6,200 పెట్టి కొన్న టార్చి ఇంకో వెర్రి. పొగమంచులో లారీ హెడ్‌లైట్ వేసినట్టు, ముందంతా పసుపు గోడ. అప్పుడు పెద్దాయన చిట్కా. గట్టి ప్లాస్టిక్ కవరు, తెల్లనిది, ఓ లీటరు మంచినీళ్ళు పోసి గాలి లేకుండా మూతి కట్టేశాను. దాన్ని ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్టుకీ నా మాస్కుకీ మధ్య పెట్టి నొక్కాను. మధ్యలో ఉన్న బురద నీళ్ళు పక్కకి తప్పుకుని, కవరులోంచి షాఫ్టు కనిపించింది. ఒక జానెడు మేర. పాత చిన్న టార్చి పక్కనుంచి పట్టుకుంటే తాడు ఆకుపచ్చదని కూడా తెలిసింది. ఇన్నాళ్ళూ వేళ్ళతో మాత్రమే ఎరిగిన దాన్ని మొదటిసారి కళ్ళతో చూశాను. చుట్లు చుట్లుగా ఉన్న తాడు అనుకున్నది తాడు కాదు. ఇంజన్ తిరిగిన వేడికి లోపలి చుట్లు కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసి, షాఫ్టు మీద ప్లాస్టిక్ కడియంలా గట్టిపడిపోయాయి. అందుకే కత్తి దిగట్లేదు. మూడు సార్లు లాగాను. బకెట్టులో హాక్సా, ఉలి, చిన్న సుత్తి దిగాయి. నిలువుగా ఒక గాటు కోసి ఉలి పెట్టి కొడితే కడియం రెండు చెక్కలై ఊడింది. ఆ చెక్క ఒకటి మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. మా ఆవిడ రెండు సార్లు పారేసింది, రెండు సార్లూ తెచ్చుకున్నాను.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైంది. జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లన్నీ ఒడ్డునే. నోటి మాట మీద నాకు పని పెరిగింది. శని, ఆదివారాలు, సెలవులు కలుపుకుని 17 బోట్లు చేశాను, బోటుకి 3 వేలు. బావ వాళ్ళవి ఫ్రీ. ఆ డైవుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు, చీకట్లో చెయ్యి పని. ఎక్కువ సేపు పట్టేది బయట. నోట్లో రెగ్యులేటర్ తీయకుండానే జెట్టీ మీద నిలబడితే బావ పైపుతో నెత్తి నుంచి కాళ్ళ దాకా కడుగుతాడు. అంట్లు తోమే సబ్బు నీళ్ళు, మళ్ళీ మంచినీళ్ళు. అప్పుడు మాస్కు, అప్పుడు రెగ్యులేటర్. మొదట్లో బయటికి రాగానే ఊసేసి ఊపిరి పీల్చుకునేవాణ్ణి, ఆ తెట్టంతా పెదాల మీదే ఉండేది. కడగడం ఆరబెట్టడం 50 నిమిషాలు. మేడ మీద దండెం నాకు రాసిచ్చేశారు ఇంట్లో, వాసన భరించలేక.

మే నెలలో ఒక సాయంత్రం గట్టి వాన పడింది. ఊళ్ళో గెడ్డలన్నీ పొంగి మురుగు హార్బర్‌లోకి దిగింది. మర్నాడు ఒకాయన రమ్మన్నాడు, రానన్నాను. వాన పడ్డాక రెండు రోజులు దిగకపోవడం నేను పెట్టుకున్న నియమం. ముఖమంతా కప్పే మాస్కు ఉంటే ఈ బెడద లేదు కదా అని ఒకటి వెయ్యి రూపాయలకి అద్దెకి తెచ్చి పూల్లో ప్రయత్నించాను. ఊపిరి హాయిగా ఉంది, నోరు, ముక్కు, కళ్ళు అన్నీ పొడిగా ఉన్నాయి. కానీ వెనక ఐదు పట్టీలు. కళ్ళు మూసుకుని, గ్లవ్స్‌తో, ఊపిరి బిగబట్టి అది ఊడదీసి రెండో రెగ్యులేటర్ నోట్లో పెట్టుకోవడానికి మొదటిసారి 40 సెకన్లు పట్టింది. పదోసారికి 22. పదిహేనులోపు వచ్చేదాకా కొనను. కొనేటంత డబ్బు కూడా ఇప్పుడు లేదనుకోండి. బోటులో పనిచేసే ఓ కళాసీ కుర్రాడు పాపం ఆన్‌లైన్‌లో 1,500కి వచ్చే స్నార్కెల్ మాస్కు తెచ్చి, "అన్నా, ఇది వాడన్నా" అని ఇవ్వబోయాడు. అది నీళ్ళ పైన తేలుతూ చూడ్డానికి. సిలిండర్‌కి తగిలించేది కాదు, దాంతో కిందకి దిగకూడదు. ఎవరైనా అలా అనుకుంటారని అప్పటిదాకా నాకు తోచలేదు.

డబ్బు సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. జనవరి నుంచి జూన్ దాకా సామాను, సర్వీసు, డాక్టరు, టీకాలు కలిపి పనికొచ్చిన ఖర్చు లక్షకి మూడున్నర వేలు తక్కువ. టైటానియం కత్తి, లావు గ్లవ్స్, టార్చి, రబ్బరు కప్పు, ఇవన్నీ కలిపి బూడిదలో పోసింది 13,750. వచ్చింది 51 వేలు. మా ఆవిడ ఈ లెక్క కాగితం ఫ్రిజ్ మీద అతికించింది.

జూన్ 14, శనివారం. అర్ధరాత్రితో నిషేధం అయిపోతుంది. సాయంత్రం హార్బర్ చూడాలి, ఐసు బండ్లు, డీజిల్ డ్రమ్ములు, బోట్ల ముందు కొబ్బరికాయలు, పసుపు, పూలదండలు. పెద్దాయన్ని కూడా తీసుకెళ్ళాను, ఆయనకి సరదా. రాత్రి ఎనిమిదింటికి బావ పక్క బోటు సరంగు పరిగెత్తుకొచ్చాడు. బోటు జరుపుతుంటే ఎవరిదో కట్టుతాడు వెళ్ళి ప్రొపెల్లర్‌లో పడింది. తెల్లవారక ముందే కదలాలి. రాత్రి పూట దిగుతావా అని మొహమాటంగా అడిగాడు. ఆ నీళ్ళలో రాత్రేమిటి, పగలేమిటి. అసలు బెడద చుట్టూ బోట్లన్నీ ఇంజన్లు వేసుకుని సిద్ధంగా ఉండడం. అదే చెబుదామని నోరు తెరిచాను.

ఈలోగా ఆ సరంగు లుంగీ మడతలోంచి ఇంజన్ తాళం తీశాడు. తనది. తర్వాత అటు పక్క బోటుది, ఇటు పక్క బోటుది, ముందే అడిగి తెచ్చుకున్నట్టున్నాడు. మూడు తాళాలూ బావ చేతిలో పెట్టాడు. బావ వాటిని తాడుకి గుచ్చి మెడలో వేసుకుంటుంటే పెద్దాయన నా వైపు చూడలేదు, టీ కొట్టు వైపు నడిచారు. నేను బ్రెడ్డు కత్తి ఎడమ పట్టీకి ఉందో లేదో కళ్ళు మూసుకుని ఒకసారి తడుముకుని, రెగ్యులేటర్ నోట్లో పెట్టుకున్నాను.